అయిదు నిమిషముల పని

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగము)



రజతోత్సవ ప్రసంగములు సామాన్యముగా సరస్వతీ స్తుతితో మొదలై, జ్ఞానము, దీపము, చీకటి యను మూడు మాటల చుట్టును తిరిగి మంగళము పాడుకొనును. నేటి ప్రసంగమునకు విషయము ఒక లేతు మిషను. అది యున్నది పూర్వము ఆవును కట్టిన పాకలో. ఆ పాకలో ఇరువది యేండ్లుగా స్నేహితులకొఱకు డబ్బు పుచ్చుకొనక జరుగుచున్న మరమ్మతులను గూర్చియే ఈ నాలుగు మాటలు. దీనికిని గ్రంథాలయమునకును సంబంధమేమని యడుగువారు కొంచెము ఓపిక పట్టవలసియుండును.

పూర్వపు గ్రామ లెక్కలలో ప్రతిదానికిని ఒక గడి యుండెడిది. పొలమునకు సర్వే నంబరు, నీటికి తీరువ, పైరునకు అడంగలులో ఒక వరుస. కాని పొరుగువాడు పొరుగువానికి చేసిపెట్టిన పనికి మాత్రము ఏ లెక్కలోను గడి లేదు. గడి లేదు గనుక దానికి వెలయు లేదని లోకము తలచినది. ఈ తలంపు ఎంతవరకు నిజమో మేస్త్రిగారి పాకలో జరిగిన సంగతులే చెప్పును.

మేస్త్రిగారిని ఈ సభకు పరిచయము చేయనక్కఱలేదు. పేరు చెప్పరాదని ఆయన ఆన. ముప్పదియారేండ్లు ఖరగ్‌పూరు రైల్వే వర్కుషాపులో టర్నరుగా పనిచేసి, 2004లో విరమించి స్వగ్రామము చేరిరి. బెంగాలు గడ్డమీద నున్నను ఖరగ్‌పూరు రైల్వే పేటలలో తెలుగువారు తరతరములుగా స్థిరపడియుండుట అందఱెఱిగినదే. మన శ్రీకాకుళము జిల్లాలో ఆ ఊరితో బంధుత్వము గల కుటుంబము లెన్నియో కలవు. ఉద్యోగము విరమించి వచ్చువారు ట్రంకుపెట్టెలును మంచములును తెచ్చుకొందురు. ఈయన ప్రావిడెంటు ఫండు సొమ్ములో కొంత పెట్టి, పంజాబులోని బటాలాలో తయారైన పాత లేతు నొకదానిని కొని లారీమీద తెచ్చిరి. దాని బెడ్డు నాలుగున్నర అడుగులు. లారీనుండి దించి, సరుగుడు దుంగలమీద దొర్లించుచు పాకలోనికి చేర్చుటకు పండ్రెండుగురు పట్టిరి. ఆవు వేపచెట్టు క్రిందికి పోయినది. "గొడ్డుకి నీడ నేదు గాని ఇనుముకి నీడ దొరికింది" అని వారి ఇల్లాలు ఆనాడన్న మాట ఇప్పటికిని వీధిలో చెప్పుకొందురు.

బోర్డు కట్టలేదు. రేటు పెట్టలేదు. పింఛను చాలును, చేతికి పని యుండవలెనని మాత్రమే ఆయన కోరిక. స్నేహితులు రాసాగిరి. ఒకరు ఆయిలు ఇంజను బుష్షు తెచ్చిరి, ఒకరు పుల్లీ రంధ్రము పెద్దది చేయుమనిరి, ఒకరు లోపల విఱిగిపోయిన బోల్టును ఊడదీయుమని ఇంజను తలనే మోసికొనివచ్చిరి. వీధి బోరింగు పిడికి సీల, కుట్టు మిషనుకు ఇరుసు, రాములవారి రథమునకు చక్రపు చీల. అందఱి నోటను ఒకటే మాట: "అయిదు నిమిషాల పని."

నీళ్ల పంపులో అరిగిన బుష్షు నొకదానిని తీసికొందము. స్నేహితుడు దానిని తువ్వాలు కొంగున మూటగట్టి తెచ్చి, "మాటాడుతూ మాటాడుతూ సేసెయ్యి మేస్త్రీ" యనును. మొదట షాఫ్టును కొలువవలెను. అరిగిన షాఫ్టు గుండ్రముగా నుండదు. మూడు చోట్ల, ఒక్కొక్క చోట రెండు దిక్కుల కొలిచినగాని నిజము చెప్పదు. అంగుళము లావు గల షాఫ్టునకు బుష్షు రంధ్రము అంగుళములో వేయవ వంతు మాత్రము ఎక్కువ యుండవలెనని వాడుక. తలవెండ్రుక మందము అంతకు రెండు మూడు రెట్లుండును. ఆ సందు ఎక్కువైనచో షాఫ్టు కొట్టుకొనును; తక్కువైనచో నూనెకు చోటు లేక పట్టుకొనిపోవును. తరువాత గన్‌మెటల్ ముక్కను వెదకవలెను. దానిని నాలుగు దవడల చక్కులో బిగించి, డయలుతో చూచుచు నడిమికి తేవలెను. టూలునకు పదును పెట్టవలెను. వెలుపల చెక్కవలెను, లోపల బోరింగు చేయవలెను. అంతటితో కాలేదు, బుష్షును దాని యింటిలోనికి బిగువుగా నొక్కినచో రంధ్రము ఇంచుక ముడుచుకొనును గనుక, దిగిన పిమ్మట రీమరుతో తిరిగి సరిచేయవలెను. ఇంతయు కలిసి రెండున్నర గంటలు. స్నేహితుడు మధ్యలో వాకిటికి పోయి చుట్ట కాల్చి, ఊరి రాజకీయము ముగించి, తిరిగివచ్చి చూచిన చివరి కోత మాత్రము అయిదు నిమిషములు. కావున అతడు అబద్ధమాడినాడనుటకు వీలులేదు.

బదులుగా పనసకాయ వచ్చును, జీడిపప్పు వచ్చును, చెఱువు పట్టిననాడు చేపలు వచ్చును. మేస్త్రిగారు పుచ్చుకొందురు. పుచ్చుకొనకపోవుట అహంకారమని వారి యభిప్రాయము. రూపాయి చూపించినచో మాత్రము కోపము వచ్చును.

ఇనుము పనిలో తెలియనివారికి కానరాని చిక్కులు పెక్కు గలవు. వానిలో మరల సంగతి వినదగినది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు 1841లో బోల్టుల మరలకు ఒక కొలత నేర్పఱచెను. దాని పల్లపు కోణము 55 డిగ్రీలు. అమెరికావారు తరువాత తమకు 60 డిగ్రీల మర పెట్టుకొనిరి. అర అంగుళపు బోల్టుకు విట్‌వర్తు పద్ధతిలో అంగుళమునకు 12 చుట్లు. అమెరికా ముతక మరలో 13. చేత పట్టి చూచినచో రెండును ఒకటే. ఇంగ్లీషు ఇంజనుకు అమెరికా నట్టు వేసినచో మొదటి రెండు చుట్లు చక్కగా ఎక్కును, పిమ్మట బిగియును. అప్పుడు మనవాడు "తుప్పు పట్టినట్టుంది" అని స్పానరునకు గొట్టము తొడిగి తిప్పును. నట్టు ఎక్కును, బోల్టు పాడగును, ఆ రెండును మేస్త్రిగారి పాకకు వచ్చును.

మన దేశమున 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి మెట్రిక్ పద్ధతి ప్రవేశించినది. మేస్త్రిగారి లేతు మాత్రము అంగుళముల కాలపుది. దాని లీడు స్క్రూకు అంగుళమునకు నాలుగు చుట్లు. అట్టి లేతుమీద మిల్లీమీటరు మర కోయుటెట్లు? ఇందులకు 127 పండ్ల చక్రమొకటి కావలెను. అంగుళమనగా సరిగా 25.4 మిల్లీమీటర్లని 1959లో ఇంగ్లీషు కొలతల దేశములు ఒప్పుకొనినవి. అయిదంగుళములు 127 మిల్లీమీటర్లు. అది దేనిచేతను భాగింపబడని సంఖ్య గనుక అంతకన్న చిన్న చక్రముతో లెక్క సరిగా కుదురదు. 30 పండ్ల చక్రము 127 పండ్ల చక్రమును త్రిప్పినచో మర సరిగా ఒకటిన్నర మిల్లీమీటరు పడును. లెక్క ఇష్టమైనవారు ఇంటికి పోయి వేసి చూచుకొనవచ్చును; ఒక్క వెంట్రుకవాసి తేడా రాదు. రెండు దేశముల కొలతల తగవును పోత యినుపచక్ర మొకటి తీర్చుట చూడ ముచ్చటగా నుండును.

స్నేహితులు తెచ్చు పనులలో సులభమైనవి చేయదగినవనియు, కష్టమైనవి మానదగినవనియు అనుకొనుట పొరపాటు. ట్రాక్టరు వెనుక రోటావేటరునకు తిరుగుడు నందించు షాఫ్టులలో కొన్నిటియందు చిన్న బోల్టొకటి యుండును. బ్లేడునకు రాయి తగిలినచో అది తెగవలెను. తెగుటకే దాని నక్కడ పెట్టిరి. ఒక రైతు వచ్చి, "మూడుమాట్లు తెగింది. తెగనిది సేసిపెట్టు" అనెను. చేయుట ఎంతసేపు? గట్టి ఉక్కుచువ్వ పాకలోనే కలదు. బోల్టు తలమీద 8.8 అని గుర్తున్నచో అది చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటనుల లాగుడు తట్టుకొను ఉక్కని యర్థము. కొట్టులో దొరకు మెత్తని చువ్వ సుమారు అందులో సగమే. మేస్త్రిగారు చేయలేదు. బోల్టు తెగనిచో రాయి దెబ్బ గేరుపెట్టెకు పోవునని చెప్పి, కంపెనీవారు చెప్పిన రకము బోల్టులనే తెప్పించుకొని పదింటిని టూలుపెట్టెలో నుంచుకొమ్మనిరి. రైతు చిన్నబుచ్చుకొని పోయెను. స్నేహితుడు అడిగినది చేయకపోవుట కూడ ఒక మరమ్మతేయని అతనికి తోచుటకు ఒక వ్యవసాయపు కారు పట్టినది.

భారతము చదివినవారికి ఇచ్చట మయుడు జ్ఞప్తికి వచ్చును. ఖాండవ దహనమున అర్జునుడు తన ప్రాణము కాచినందులకు బదులుపకారము చేయగోరి మయుడు నిలువగా, అర్జునుడు ప్రాణదానమునకు బదులు పుచ్చుకొననొల్లక, కృష్ణునకేమైన చేయుమనెను. కృష్ణుడు ధర్మరాజునకు సభ కట్టుమనెను. పదునాలుగు మాసములలో సభ లేచినది. అదియు వెల లేని పనియే, స్నేహముచేత చేసినదే. పనివానితనమునకు వంక పెట్టలేము. కాని నేల నీరుగాను, నీరు నేలగాను కనబడునట్లు కట్టిన యా యింటిలో కొత్తవాడు అడుగుపెట్టినచో ఏమగునని అడిగినవాడు లేడు, చెప్పినవాడును లేడు. దుర్యోధనుడు తడిసిన బట్టలతో లేచినప్పుడు నవ్వినవారు నవ్విరి. ఆ పిదప కథ అందఱికిని తెలియును.

మేస్త్రిగారి పాకలోను అట్టిదొకటి జరిగినది. దానిని చెప్పుటకు ఆయన అనుమతి యిచ్చిరి, చెప్పుమనియే కోరిరి.

2009వ సంవత్సరము సంక్రాంతికి నాలుగు దినముల ముందు పిండిమర షాఫ్టు విఱిగినది. పిండిమర యజమాని మేస్త్రిగారికి చిన్ననాటి స్నేహితుడు. చుట్టరికము లేకున్నను "బావా, బావా" యని పిలుచుకొందురు. అరిసెలకు బియ్యము నానబోసికొన్న యిల్లాండ్రు గిన్నెలతో వాకిట నిలిచియుండిరి. అతడు విఱిగిన షాఫ్టును భుజాన వేసికొని చీకటిపడిన పిమ్మట వచ్చెను. "తెల్లారేసరికి కావాలి బావా. పండగ పోద్ది" అనెను. మేస్త్రిగారు రాత్రియంతయు మేల్కొని, తెల్లవారుజామున నాలుగింటికి కొత్త షాఫ్టును చేతికిచ్చిరి. పండుగ పోలేదు. ఊరి అరిసె లన్నియు ఆ షాఫ్టుమీదనే నడిచినవి.

షాఫ్టునకు లావుపాటి భాగమును, బేరింగు కూర్చుండు సన్నపాటి భాగమును కలియుచోట ఒక మెట్టుండును. ఆ మెట్టు మూలను చదరముగా కోయరాదు, కొంచెము వంపుతో దించవలెను. చదరపు మూలయందు బలమంతయు ఒక్కచోట చేరి, తిరిగినప్పుడెల్ల అచ్చటనే సన్నని చీలిక పెరుగును. ఇది కొత్త సంగతి కాదు. 1842 మే నెలలో ఫ్రాన్సున వెర్సాయి నుండి పారిసునకు వచ్చుచున్న రైలు ఇంజనుకు ఇరుసు విఱిగి, బండ్లు ఒకదానిపై నొకటి ఎక్కి అంటుకొని, ఏబదిమందికి పైగా చనిపోయిరి. మఱుసటి సంవత్సరమే రాంకిన్ అను ఇంజనీరు విఱిగిన ఇరుసులను పరిశీలించి, చీలిక ఆ మెట్టు మూలనుండియే ప్రారంభమగుననియు, అచ్చట వంపు ఉంచవలెననియు వ్రాసెను. మేస్త్రిగారు ముప్పదియారేండ్లు చేసినది రైల్వే పని. ఖరగ్‌పూరులో ఇట్టి వంపులను చూచుటకు రేడియస్ గేజి యుండెను, పని తప్పినచో త్రోసిపుచ్చుటకు ఇన్‌స్పెక్టరు ఉండెను.

ఆ రాత్రి సంగతి యిది. వంపు ఉంచినచో కొత్తగా తెచ్చిన బేరింగు మెట్టునకు ఆనుకొనుటలేదు. మధ్య అంచు తీసిన రింగొకటి చేసి వేయవలెను. అందుకు మఱియొక గంట పట్టును. వాకిట స్నేహితుడు నిలువుకాళ్లమీద నున్నాడు. మేస్త్రిగారు మూలను చదరముగా కోసి బేరింగును దించిరి. వర్కుషాపులో డ్రాయింగు, ఇన్‌స్పెక్టరు, రిజిస్టరు అను మూడు కాపలాలుండెను. పాకలో ఆ మూటి స్థానమున స్నేహమొక్కటే యుండెను. అది కాపలా కాయలేదు.

నలువది దినములు నడిచినది. నలువదియొకటవ దినమున షాఫ్టు తెగి, పుల్లీ బెల్టుతో సహా ఎగిరి, మర ఆడించు కుర్రవాని ముంజేతికి తగిలినది. ఎముక విఱిగినది. మూడు నెలలు పనిలేదు. అతనికి తల్లియు, చెల్లెలును తప్ప వేఱు దిక్కు లేదు.

మేస్త్రిగారు పరుగున పోయిరి. స్నేహితుడు కోపపడలేదు. "డబ్బు పుచ్చుకోనేదు గదా, నిన్నేటనగల్ను?" అనెను. ఆ మాట తిట్టుకన్న ఎక్కువైనదని మేస్త్రిగారు ఇప్పటికిని చెప్పుదురు. డబ్బు పుచ్చుకొనియున్నచో దానిని తిరిగి యిచ్చివేయుటకైన వీలుండెడిది. కుర్రవాని మూడు నెలల జీతమును పింఛనులోనుండి ఆయనయే యిచ్చిరి. ఇల్లాలు ఒక్కమాటయు అనలేదు. అనకుండుటయే భారమైనదని ఆయన యనిరి.

విఱిగిన రెండు ముక్కలను ఇంటికి తెచ్చి వెలుతురున చూచిరి. వేసవిలో చెఱువు నీరు తగ్గుచుండగా గట్టువెంబడి మిగులు గీతలవలె, మూలనుండి లోపలికి ఒకదాని వెనుక నొకటి గీతలు కానబడినవి. చీలిక దినదినమును కొంచెము కొంచెము పెరిగెననుటకు అవి సాక్ష్యము. చివర మిగిలిన చిన్న భాగము మాత్రము గరుకుగా నుండెను. అది ఒక్కసారిగా తెగినది. తప్పు తనదేయని నిశ్చయించుకొనిరి. నిశ్చయించుకొని యూరకొనియున్నచో కథ అంతటితో ముగిసెడిది.

స్నేహితుడు పాకకు వచ్చుట మానెను. మాట తప్పిపోలేదు, ఎదురుపడినప్పుడు "బాగున్నావా" యనును, అంతే. "బావా" యను పిలుపు మాత్రము పోయెను. ఆయన కూడ పిండిమర వీధిన నడువక చెఱువు గట్టుమీదుగా పోవుచుండెను. ఇట్లు రెండేండ్లు.

ఆ రెండేండ్లలోనే మేస్త్రిగారు ఒక నోటుబుక్కు పెట్టిరి. పాకకు వచ్చిన ప్రతి వస్తువునకును అందులో ఒక వరుస. తెచ్చినవారు ఎవరు, వస్తువేమి, అది ఏల విఱిగినది, దేనితో చేసిరి, ఏ జాగ్రత్త చెప్పిరి, విన్నవారి సంతకము. వెల గడి లేదు. కొందఱికి కష్టము తోచినది. "సంతకమేటి, నామీద నమ్మకం నేదా?" అని ఒకరు వస్తువును వెనుకకు తీసికొనిపోయిరి. మూడవ గడి అందఱినీ ఎక్కువ బాధించెను. ఏల విఱిగినదో చెప్పుటకు ఎవరికిని ఇష్టము లేదు. "ఇరిగింది, అంతే" యందురు. ఇంజనులో నూనె పోయక నడిపినవాడు ఆ మాట స్నేహితునితో చెప్పుటకు సిగ్గుపడును. డబ్బిచ్చి చేయించుకొనుచోట ఈ సిగ్గు తక్కువ. అక్కడ మేస్త్రి మొగమాటము లేక అడుగును. ఉచితపు పనిలో అడుగువానికిని మొగమాటమే, చెప్పువానికిని మొగమాటమే. మధ్యలో ఇనుము విఱుగుచుండును.

అప్పటినుండియే కొన్ని పనులకు ఆయన చేయి పెట్టరు. బండి బ్రేకులకు సంబంధించినది చేయరు. పెట్రోలు టాంకును ఎంత కడిగి తెచ్చినను అతుకు వేయరు. లోపల మిగిలిన ఆవిరి చాలును, టాంకు బాంబగుటకు. గ్యాసు సిలిండరు జోలికి పోరు. చూడవచ్చిన స్నేహితులకును ఒక నియమము కలదు. లేతు తిరుగుచున్నప్పుడు తువ్వాలు భుజముమీద ఉండరాదు, పొడుగుచేతుల చొక్కా తగదు, చక్కునకు ఎదురుగా నిలువరాదు. చక్కు తాళమును బిగించిన వెంటనే తీసి మేకునకు తగిలింతురు; దానిని చక్కులోనే మఱచి మోటారు వేసినచో అది తుపాకి గుండువలె వచ్చునని ఖరగ్‌పూరులో మొదటి దినమున నేర్పిరట. మాటాడుచు మాటాడుచు చేయుట యను పద్ధతి ఆ పాకలో పూర్తిగా పోయినది. ఊరి రాజకీయములు వేపచెట్టు క్రింద, ఆవు ప్రక్కన జరుగును.

2011 వేసవిలో ఒకనాటి సాయంకాలము పిండిమర యజమాని పాకకు వచ్చెను. చేతిలో గోనెసంచి చుట్టిన పొడుగుపాటి వస్తువొకటి యుండెను. మేస్త్రిగారు చేసిన షాఫ్టు కాదది. దానికి ముందు, పండుగకు నాలుగు దినముల ముందు విఱిగిన పాత షాఫ్టు. ఆ రాత్రి దానిని కొలత కొఱకు చూచిరే కాని, విఱిగిన మొగమును చూచినవారు లేరు. అతడు దానిని బల్లమీద పెట్టి, "సేసిపెట్టమని రానేదు. ఇదెందుకిరిగిందో సెప్పు" అనెను.

మేస్త్రిగారు తుప్పు తుడిచి చూచిరి. ఆ షాఫ్టునకు కంపెనీవారు వంపు సరిగానే పెట్టియున్నారు. అయినను చెఱువు గీతలు అందులోను కలవు. "పుల్లీ ఎక్కడుండేది?" అని అడిగిరి. అతడు కొంచెముసేపు ఊరకుండి, గోడ పెట్టినప్పుడు బెల్టు ఒరసికొనుచున్నదని పుల్లీని బేరింగునుండి నాలుగంగుళములు వెలుపలికి జరిపితిననెను. ఆ సంగతి అంతవరకు ఎవరికిని చెప్పలేదు. పుల్లీ వెలుపలికి జరిగినకొలది బెల్టు లాగుడు షాఫ్టును వంచు బలము పెరుగును. దూరము రెండింతలైనచో వంపు బలమును రెండింతలగును. ఏ మంచి షాఫ్టునైనను అది ఏదో యొకనాడు తినివేసియుండును. చదరపు మూల దానిని నలువది దినములకు దగ్గఱ చేసినది.

వారిద్దఱును ఎవరి పాలెంతయని లెక్క కట్టలేదు. చీకటి పడువఱకు కూర్చుండిరి. మఱునాడు గోడకు కంత పెట్టించి పుల్లీని వెనుకకు జరిపిరి. నోటుబుక్కులో ఆ పాత షాఫ్టునకు ఒక వరుస కలదు. "ఏల విఱిగినది" యను గడి నిండియుండి, "దేనితో చేసిరి" యను గడి ఖాళీగా నున్నది.

మరమ్మతునకు వచ్చిన వస్తువును చూచి, చేసి పంపుటకు బదులు ఏలయని అడిగి కూర్చుండినవారిలో పెద్దవాడు జేమ్సు వాటు. గ్లాస్గో విశ్వవిద్యాలయమున పనిముట్లు చేయుచుండిన ఆయనకు 1763-64 చలికాలమున న్యూకొమెన్ ఆవిరి యంత్రపు చిన్న నమూనా యొకటి బాగుచేయుటకు వచ్చెను. బాగుచేసెను. కాని అది రెండు మూడు ఊపులు ఊగి ఆగిపోవుచుండెను. పెద్ద యంత్రము నడుచుచుండగా పిల్ల యంత్రము ఏల నడువదని ఆయన పట్టుకొనెను. ఆవిరిని చల్లార్చుటకు సిలిండరునే ప్రతిసారియు చల్లార్చి, తిరిగి వేడిచేయుటలో ఆవిరియంతయు వ్యర్థమగుచున్నదని కనిపెట్టి, 1765లో చల్లార్చు పాత్రను వేఱుచేయు ఉపాయమును తలపోసెను. ఆయన పుచ్చుకొన్నది మరమ్మతు కూలియే. మన మేస్త్రిగారిని వాటుతో పోల్చుట ఆయనకే నచ్చదు. అడిగిన ప్రశ్న ఒకటేయని మాత్రము చెప్పవచ్చును.

ఇక గ్రంథాలయము మాట. ఆ సంవత్సరమే మేస్త్రిగారు నోటుబుక్కు నకలు నొకదానిని, మరల పట్టికను, ఒక మర గేజిని మన గ్రంథాలయమునకు ఇచ్చిరి. గేజి యనగా జేబుకత్తివలె మడుచుకొను ఉక్కురేకుల కట్ట. ప్రతి రేకునకును ఒక్కొక్క మర పండ్లుండును. రేకును బోల్టునకు ఆనించి వెలుతురునకెత్తి చూచినచో అది పండ్రెండా, పదమూడా, మిల్లీమీటరుదా తెలిసిపోవును. స్పానరునకు గొట్టము తొడుగుటకు ముందు గేజి పెట్టి చూచినచో పాకకు వచ్చు పనిలో కొంత తగ్గునని ఆయన యాశ. మన కార్యదర్శిగారు దానికి పుస్తకములవలెనే నంబరు వేసి, రిజిస్టరునకెక్కించి, పదునాలుగు దినముల గడువు పెట్టిరి. పురాణములకును, నవలలకును తరువాత ఎక్కువమంది చేతులు మారిన వస్తువు అదియే. రైతులు తీసికొనిపోవుదురు, మోటారు మెకానిక్కులు తీసికొనిపోవుదురు, ఒకసారి హైస్కూలు పిల్లలు తీసికొనిపోయి లెక్కల మాస్టరుగారికి చూపిరి.

నోటుబుక్కు నకలు మూడవ బీరువాలో, వ్యవసాయ గ్రంథముల ప్రక్కన కలదు, ఎవరైనను చూడవచ్చును. గేజి మాత్రము నేడు బీరువాలో లేదు. గడువు దాటి తొమ్మిది దినములైనది. తీసికొన్నవారు ఈ సభలోనే, రెండవ వరుసలో కూర్చుండియున్నారు.